అంగన్‌వాడీకి పంపుదామా, ఎల్‌కేజీలో వేద్దామా?

కర్నూలు పాతబస్తీలో ఒక ఇల్లు. ఉదయం తొమ్మిది కావస్తోంది. గుమ్మం ముందు ఆటో ఆగి హారన్ మోగుతోంది. నాలుగేళ్ల పిల్లవాడు మెడలో టై, కాళ్లకు బూట్లు, వీపున తనకంటే వెడల్పైన సంచీతో వెళ్లి అందులో ఇరుక్కుని కూర్చున్నాడు. ఆటో కదిలాక అదే వాకిట్లోంచి వాడి చిన్నాన్న కూతురు, మూడున్నరేళ్ల పాప, దాదీ వేలు పట్టుకుని వీధి చివరనున్న అంగన్‌వాడీకి బయలుదేరింది. చేతిలో ఒక స్టీలు గ్లాసు. అంతే.

"అమ్మీ, వచ్చే జూన్‌లో దీన్ని కూడా కాన్వెంటులో వేయాల. అంగన్‌వాడీలో ఏం నేర్పుతారు? తినడం, పడుకోవడం తప్ప" అంది కోడలు. "తినడం తక్కువ సంగతా? గుడ్డు పెడతారు, పాలు పోస్తారు, నా కంటికి కనపడేంత దూరంలో ఉంది. ఆటోలో పన్నెండుమందితో కుక్కి పంపడానికి దీనికేం తొందరొచ్చింది?" అంది అత్తగారు. వారు ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో అనుకున్న మాటలను మేము తెలుగులో రాస్తున్నాం.

ఈ తగవు ఆ ఒక్క ఇంటిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి కర్నూలు, కడప జిల్లాల్లో దాదాపు ఆరుగురిలో ఒకరు ముస్లిములు. ఈ రెండు జిల్లాల్లో మూడేళ్లు నిండిన బిడ్డ ఉన్న ప్రతి ముస్లిం ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ మాట రాక తప్పదు. ఇరుగుపొరుగును చూసి నిర్ణయించుకునేవారే ఎక్కువ. కేంద్రంలోకి వెళ్లి ఒక గంట కూర్చుని చూసినవారు మాకు తక్కువగా కనిపించారు. అందుకే మేము కర్నూలులోనూ కడపలోనూ కొన్ని కేంద్రాలు చూసి, తల్లులతో, నానీ దాదీలతో, టీచరమ్మలతో మాట్లాడాం. కేంద్రాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఒకచోట లోపం ఉందని రాస్తే అది ఆ టీచరమ్మ మెడకు చుట్టుకుంటుంది. ఆ లోపం చాలాసార్లు ఆమె చేసింది కాదు.

ఆంగన్ అంటే మన వాకిలే

అంగన్‌వాడీ అనే పేరులోని 'ఆంగన్' మన ఇళ్లలో రోజూ వినపడే మాటే. ఇంటి ముంగిలి, వాకిలి అని అర్థం. మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో తారాబాయి మోడక్ 1945లో పేద పిల్లల కోసం బాలబడి మొదలుపెట్టారు. బడికి పిల్లలు రాకపోతే బడే పిల్లల వాకిట్లోకి వెళ్లాలన్నది ఆమె పద్ధతి. ఆ ఆలోచనకు పెట్టిన పేరే తర్వాత దేశమంతటికీ వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని ప్రారంభించింది. మనం ఐ.సి.డి.ఎస్. అంటున్నది దానినే. అక్టోబరు 2 అనగానే కర్నూలు వారికి 2009 నాటి వరద గుర్తుకొస్తుంది గాని, పసిపిల్లల బడికి కూడా అదే పుట్టినరోజు. ఇప్పుడు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి.

బయట బోర్డు ఒకటే అయినా లోపల అన్నీ ఒకే రకం కావు. నాలుగు వందల నుంచి ఎనిమిది వందల జనాభాకు ఒక ప్రధాన కేంద్రం ఉండాలని నియమం. అందులో ఒక టీచరు, ఒక ఆయా. నూటయాభై నుంచి నాలుగు వందల జనాభా ఉన్న చిన్న పల్లెకు, విడిగా ఉన్న వాడకు మినీ కేంద్రం. అందులో ఉండేది ఒకే మనిషి. పొయ్యి వెలిగించాలన్నా ఆమే, పాట పాడాలన్నా ఆమే, ముక్కు తుడవాలన్నా ఆమే. వంట ఆగితే పిల్లలు ఏడుస్తారు, కథ ఆగితే ఏడవరు. కాబట్టి ఆగేది కథే. మినీ కేంద్రాలను ప్రధాన కేంద్రాలుగా మార్చే నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వం 2025లో తీసుకుంది. మీ వాడలోని కేంద్రానికి ఆయా వచ్చిందో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది.

మూడో రకం ప్రాథమిక పాఠశాల ఆవరణలో నడిచే కేంద్రం. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశగా చూడమంది. దాన్ని బట్టి మన రాష్ట్రంలో అంగన్‌వాడీలకు పీపీ-1, పీపీ-2 అనే తరగతుల పేర్లు వచ్చాయి. 2022లో 117వ నంబరు ఉత్తర్వుతో బడులను విడదీసి, కలిపి కొత్త పేర్లు పెట్టారు. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి మళ్లీ కొత్త ఏర్పాటు తెచ్చారు. బోర్డు మీద రంగు ఆరకముందే పేరు మారిపోవడంతో తల్లిదండ్రులు తికమకపడటం సహజమే. మనం చూడవలసింది మాత్రం ఒకటే: మూడేళ్ల బిడ్డ కూర్చునే గది ఎక్కడుంది, రేపు ఒకటో తరగతి ఎక్కడుంటుంది, రెండింటి మధ్య ఎంత దూరం.

ఇక ఉర్దూ ప్రాథమిక పాఠశాలలు. సాధారణంగా ఇవి ఒకటో తరగతితో మొదలవుతాయి. అందులో వేయాలనుకున్న బిడ్డ కూడా అంతకుముందు రెండు మూడేళ్లు తెలుగు అంగన్‌వాడీలోనో ఇంగ్లీషు ఎల్‌కేజీలోనో గడపవలసి వస్తోంది. ఈ ఖాళీ గురించి మన పెద్దలు సభల్లో మాట్లాడగా మేము పెద్దగా వినలేదు.

మూడు గదులు

మేము చూసిన వాటిలో మూడు కేంద్రాలు బాగా గుర్తుండిపోయాయి.

మొదటిది కర్నూలులో ఒక అద్దె ఇంటి ముందు గది. పైన రేకులు. ఈ ఎండల ఊళ్లో ఏప్రిల్‌లో పదకొండు దాటితే ఆ గదిలో పెద్దవాళ్లమే కూర్చోలేకపోయాం. గ్యాసు పొయ్యి ఒక మూల, పిల్లలు మూడు మూలల్లో. మరుగుదొడ్డి ఇంటి యజమానిది, పిల్లలను వెళ్లనివ్వరు. బొమ్మలు లేవా అని అడిగితే టీచరమ్మ మంచం కింద ఉన్న ఇనప పెట్టె చూపించింది. తాళం వేసి ఉంది. "విరిగితే, పోతే రేపు తనిఖీలో జవాబు నేనే చెప్పుకోవాల గదా" అంది. ఆమె భయం నిజమే. పెట్టెలోని ఎనుగు బొమ్మ కొత్తగానే ఉంది, దానితో ఆడుకోవలసిన పిల్లలు మాత్రం ఏటా మారిపోతున్నారు. అయినా ఆ గదిలో ఒక మంచి ఉంది: టీచరమ్మకు ఆ వీధిలోని ప్రతి ఇల్లూ తెలుసు. పదిన్నరకు రాని పిల్ల కోసం ఆయాను ఇంటికి పంపడం మేము చూశాం.

రెండోది బడి ఆవరణలోనిది. పక్కా గోడలు, వరండా, కుళాయి, చిన్నపిల్లలకు తగిన ఎత్తులో మరుగుదొడ్డి. గోడ మీద అక్షరాలు, పక్షులు. ఐదేళ్లవాళ్లు వరండా దాటి ఒకటో తరగతి కిటికీలోంచి తొంగిచూసి వస్తున్నారు. వచ్చే ఏడు ఆ గది వాళ్లకు కొత్తగా అనిపించదు. అయితే అక్కడికి చేరాలంటే పెద్ద రోడ్డు దాటాలి. ఇంట్లో బీడీలో, కుట్టుపనో చేసుకునే తల్లి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆ రోడ్డు దాటి రావడం మాటలు కాదు. అందుకే అన్ని వసతులున్న ఆ గదిలో మన పిల్లలు తక్కువ, వసతులు లేని రేకుల గదిలో ఎక్కువ.

మూడోది కడపలోనిది. గది మామూలుదే, చెప్పుకోదగ్గ వసతులేమీ లేవు. కాని అక్కడి తెలుగు టీచరమ్మ పిల్లలను "ఇధర్ ఆ బేటా" అని పిలుస్తోంది. ఎక్కడ నేర్చుకున్నారమ్మా అంటే, ఆయాను చూపించి నవ్వింది. ఆయా ముస్లిం. నీళ్లు, అన్నం, ఆకలి, నొప్పి, దొడ్డికి, అమ్మ ఎప్పుడొస్తుంది - ఇలాంటి ముప్పై నలభై మాటలు మొదటి ఏడాదే ఆమె దగ్గర నేర్చుకున్నానంది.

అది ఎందుకు పెద్ద విషయమో వేరే చోట ఒక తల్లి చెప్పింది. ఆమె కొడుకు మూడేళ్లకు అంగన్‌వాడీలో చేరాడు. ఇంట్లో గలగల మాట్లాడే పిల్లవాడు అక్కడ రెండు నెలలు నోరు విప్పలేదు. రోజూ లాగు తడుపుకుని ఇంటికి వచ్చేవాడు. "మీవాడికి ఇంకా అలవాటు కాలేదు" అన్నారట. వాడికి అలవాటు ఎప్పుడో అయింది. ఏ మాటతో అడగాలో తెలియలేదు. మూడో నెలలో మాన్పించి, అప్పుచేసి కాన్వెంటులో వేశారు. అక్కడ ఆ మాట ఇంగ్లీషులో అడగాలి.

దూదేకుల కుటుంబాల్లో, తెలుగే ఇంటిభాషగా ఉన్న మరికొన్ని కుటుంబాల్లో ఈ చిక్కు లేదు. మిగిలినవారికి ఉంది. చిన్నవయసులో ఇంటిభాషలో చెప్పమని జాతీయ విద్యావిధానమూ అంటోంది. ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ 2022లో చట్టమూ వచ్చింది. కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం 2016 నుంచే ఉంది. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో పసివాడికి 'పానీ' అని అడిగితే అర్థం చేసుకునే మనిషి ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు కదా!

దీనికి మన చేతిలో ఉన్న దారి ఒకటుంది. అంగన్‌వాడీ టీచరు కొలువుకు పదో తరగతి ప్యాసై, పెళ్లయి, అక్కడే నివాసముండే స్త్రీ కావాలన్నది మన రాష్ట్రంలో అమలవుతూ వచ్చిన నియమం. పది ప్యాసై పెళ్లితో చదువు ఆగిన అమ్మాయిలు మన మొహల్లాల్లో ఎందరో. ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేసేవారే కరువు. "గడప దాటి కొలువా?" అని వెనక్కు లాగే మగవారికి ఒక మాట: ఆ కొలువు ఆ గడపకు నాలుగిళ్ల అవతలే ఉంటుంది.

పళ్లెంలో ఏముంది?

కోడలు తేలిగ్గా తీసేసిన 'తినడం' సంగతి చూద్దాం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు అంగన్‌వాడీలో పొద్దున తినడానికి కొంత, మధ్యాహ్నం వేడి అన్నం అందాలి. ఇది చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి దయా కాదు. మన రాష్ట్రంలో అన్నం, పప్పు, కూరతోబాటు గుడ్డు, పాలు కూడా ఇస్తున్నారు. మాంసం వండరు కనుక హలాల్ గురించిన సందేహానికి తావు లేదు. ఒకరిద్దరు తల్లులు అడిగారు కాబట్టి రాస్తున్నాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరని తేలింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత. అంటే ముగ్గురిలో దాదాపు ఇద్దరు. "మా పిల్ల సన్నగానే ఉంటుంది, మా వంశమే అంత" అని మాతో అన్నవారు చాలామంది. అంగన్‌వాడీలో నెలనెలా బిడ్డను తూచి గీత గీస్తారు. ఆ గీత పైకి పోతోందా, నిలిచిపోయిందా చూస్తే వంశం సంగతి తెలిసిపోతుంది. ఎల్‌కేజీలో ఎవరూ తూచరు. అక్కడికి పంపే డబ్బాలో ఏముందో ఒకటి రెండు చోట్ల చూశాం. ఎక్కువగా బిస్కెట్ పొట్లం, కొన్నిసార్లు రాత్రి మిగిలిన అన్నం.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. పేరు అంగన్‌వాడీ పుస్తకంలో, పిల్ల కాన్వెంటులో ఉన్న ఇళ్లు మన వీధుల్లో తక్కువేమీ కావు. గుడ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం పేరు ఉంచుతారు. పుస్తకంలో పాతికమంది, గదిలో తొమ్మిదిమంది. అక్కడ ఆ తొమ్మిదిమందికి ఆటా పాటా సాగవు. మనమే ఖాళీ చేసి, అక్కడేమీ లేదని మనమే అంటున్నాం.

కువైట్‌లో అమ్మ, గుంటూరులో నాన్న

కడప వైపు, రాయచోటి వైపు ఇంటి పనికి కువైట్ వెళ్లిన తల్లులు ఎందరో. వారి పిల్లలు నానీల దగ్గర పెరుగుతున్నారు. అలాంటి ఒక నానీ మాతో అన్నది: "బిడ్డ పంపే డబ్బుతో వీణ్ణి ఏ బడిలోనైనా వేయొచ్చు. కాని నాకు మోకాళ్లు లేవు. ఆటో రాకపోతే నేనేం చేయాల?" ఆమెకు ఇంగ్లీషు మీడియంకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: తొమ్మిది నుంచి నాలుగు వరకు వాడు ఎవరి కళ్ల ముందు ఉంటాడు? ఈ లెక్కలో వీధి చివరి కేంద్రానికి సాటి లేదు. ఒంటి గంటకే ఇంటికి పంపేసే నర్సరీ ఆమెకు పనికిరాదు.

పడమటి కర్నూలులో, ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల్లో కథ వేరు. వానలు ఎత్తిపోతే కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు, కూలిపనులకు బెంగళూరు వైపు వెళ్లిపోతాయి. బడి ఈడు పిల్లలను ఊళ్లో ఉంచడానికి ప్రభుత్వం వలస కాలపు వసతి గృహాలు నడిపింది. మూడేళ్ల బిడ్డను వసతి గృహంలో ఉంచలేరు. తల్లి చంకనెక్కి చేను గట్టుకు పోవలసిందే. ఆ నెలల్లో ఊళ్లో ఎంత మంచి కేంద్రం ఉన్నా దాని తలుపు ముందు చెప్పులు ఉండవు.

కొత్తగా వెలిసిన కాలనీలలో కేంద్రమే లేదన్న ఫిర్యాదు రెండు పట్టణాల్లోనూ విన్నాం. ఆరేళ్లలోపు పిల్లలు నలభైమంది ఉండి కేంద్రం లేని వాడవారు కోరితే మూడు నెలల్లోగా కేంద్రం ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. పిల్లల పేర్లు, వయసులు రాసి, తల్లుల సంతకాలతో ఐ.సి.డి.ఎస్. ప్రాజెక్టు కార్యాలయంలో సి.డి.పి.ఓ.కు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా అడిగి వచ్చేస్తే ఆ అర్జీకి పుట్టుకే లేదు.

టీచరమ్మ వైపు నుంచి

2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మె చేశారు. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. కొన్నిచోట్ల సచివాలయ సిబ్బందితో తాళాలు తీయించారు. తాళం తీయగలిగారు గాని, పిల్లలు కొత్త మనుషుల ఒళ్లోకి వెళ్లలేదని ఒక తల్లి అన్నది. ఫోనులో పోషణ్ ట్రాకర్ 2021 నుంచి వచ్చింది. ఫోటో తీయడం, సిగ్నల్ కోసం వాకిట్లోకి పోవడం, మళ్లీ తీయడం మేము కళ్లారా చూశాం. ఆ అరగంటలో పిల్లలు గోడ చూస్తూ కూర్చున్నారు. కేంద్రానికి వెళ్లి నిందించేముందు మన తల్లిదండ్రులు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

కాన్వెంటుల్లో వేరే ఇబ్బంది. మూడేళ్ల వేళ్లతో పేజీలకు పేజీలు ఏబీసీడీలు రాయిస్తున్నారు. ఈ వయసులో ఆట ద్వారానే నేర్పాలని 2013 నాటి జాతీయ బాల్యవిద్యా విధానం చెప్పింది. 2024లో అంగన్‌వాడీల కోసం వచ్చిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళికదీ అదే మాట. కాబట్టి మూడు, నాలుగేళ్ల బిడ్డకు రాయడం రాలేదని అంగన్‌వాడీని తప్పుపట్టడం న్యాయం కాదు. ఐదేళ్లు వచ్చాక తల్లుల బెంగకు మాత్రం ఆధారం ఉంది. మూడేళ్లవారినీ ఐదేళ్లవారినీ ఒకే గదిలో ఒకే మనిషి చూస్తుంటే, పెద్దపిల్ల చిన్నవాళ్లను ఆడించే ఆయాగా మారిపోతుంది. మా అభిప్రాయం అడిగితే, మొదటి రెండేళ్లు వీధి కేంద్రం, ఐదో ఏట బడి ఆవరణలోని కేంద్రం మేలంటాం. కాని దేనికైనా ముందు పదకొండు గంటలప్పుడు, చెప్పకుండా వెళ్లి చూడండి. బొమ్మలు నేల మీద ఉన్నాయా, పెట్టెలో ఉన్నాయా? గుడ్డు అక్కడే తింటున్నారా? మీ బిడ్డ మాట అర్థమయ్యే మనిషి ఉందా?

కర్నూలులోని ఆ ఇంటికి మధ్యాహ్నం మళ్లీ వెళ్లాం. ఆ ఇంట్లో మగపిల్లవాడికి ఎల్‌కేజీ, ఆడపిల్లకు అంగన్‌వాడీ ఎలా వచ్చాయని అడగాలనుకున్నాం. అడిగాం కూడా. కోడలు చప్పున తలెత్తి చూసింది. దాదీ ఏదో సర్దిచెప్పబోయి ఊరుకుంది. డబ్బు ఒక్కరికే సరిపోయిందన్నారు. పాప మాత్రం తన గ్లాసులో అర గుడ్డు దాచి తెచ్చింది. అన్నకట. వాడు టై కూడా విప్పకుండా నిలబడి తినేశాడు. అప్పుడు కోడలు మమ్మల్ని అడిగింది, "ఆ బడి ఆవరణలో ఉందన్నారే కేంద్రం, అక్కడికి ఇద్దరినీ తీసుకుపోయి చూపించొచ్చా? ఆ పెద్ద రోడ్డు ఎక్కడ దాటాల?"